గంగాభవాని, పలకొద్దు

26 మే 2025

బాక్సు పనిచేసింది. కాలు పెడితే టక్. కాలు తీస్తే టక్. ఎగిరి గంతేయాలనిపించింది గానీ, ముందు గదిలో ఫోన్ డిస్‌ప్లే మార్పించుకోవడానికి వచ్చినాయన కూర్చుని ఉన్నాడు. పరువు పోతుందని ఊరుకున్నాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను. రోజా, నువ్వు గట్టిదానివే. ఈ ఇంట్లో ఇంకెవరూ ఆ మాట అనరు.

మా బోటు పేరు గంగాభవాని. దాని మీద వల లాగేది వించి. ఇంజను నడుస్తుంటే ఇనుప డ్రమ్ము తిరుగుతుంది, తాడు దానికి చుట్టుకుంటుంది, వల పైకొస్తుంది. ఆపే లీవరేమో లోపల, ఇంజను పక్కన. వల దగ్గరున్నవాడు ఆపమని కేకేయాలి, ఆ మోతలో లోపలివాడికి అది వినపడాలి. మామయ్య కేకేసిన రోజు వినపడలేదు. ఆయన కుడిచేతికి ఇప్పుడు రెండు వేళ్ళే ఉన్నాయి.

నా బాక్సు ఉంటే కేకలక్కర్లేదు. కింద ఒక పెడల్ ఉంటుంది. దాని మీద కాలున్నంతసేపే డ్రమ్ము తిరుగుతుంది. కాలు తీస్తే ఆగిపోతుంది. కుట్టుమిషన్ తొక్కినంత సులువు. లోపల ఒక చిప్పు, అది చెప్పినప్పుడు టక్ మని స్విచ్చు వేసే ఒక రిలే, నేను రాసిన ప్రోగ్రాం. డిప్లొమా చేసి ఫోన్లకు గ్లాసులు అతికించుకుంటూ కూర్చున్నానని అందరూ అంటారు. ఇదిగో, ఇది గ్లాసు కాదు. రెండు చేశాను, ఒకటి స్పేరు.

శివకు చూపించాను. నీ పురుగులు సముద్రంలో బతుకుతాయా మే, అన్నాడు. చిప్పులకు కాళ్ళుంటాయి కదా, పెళ్ళయిన కొత్తలోనే వాటికి ఆ పేరు పెట్టాడు. నీకంటే బాగానే బతుకుతాయి అన్నాను. లోపల మురిసిపోతున్నాడు, పైకి చెప్పడు. నేను ఆయన పేరు ఇక్కడ తప్ప ఎక్కడా అనను. ఆయనా అంతే. నలుగురిలో నన్ను మే అంటాడు, లేదంటే గొంతు సవరించుకుంటాడు. పేరు పెట్టి పిలవడు.

29 మే

డబ్బా విషయంలో రభస. అత్తమ్మ ఎక్కణ్ణుంచో పాత స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చింది. ప్లాస్టిక్కుది ఎండకు పెళుసెక్కి పగులుద్ది, దీన్లో పెట్టు అంది. వద్దన్నాను. ఈ ఊళ్ళో లోహం అంటే ఎవరికీ నమ్మకం లేదు. ఉప్పుగాలికి గేటు గొళ్ళెం నిలవదు, ఫ్యాను రెక్క నిలవదు, స్టీలు స్టీలు అని కొన్న బకెట్టుకే అడుగు చిల్లు పడింది. అందుకే జువ్వలదిన్నెలో బోటు మీదికి ఏది పోయినా ప్లాస్టిక్ డబ్బాలోనే పోతుంది. అగ్గిపెట్టె, ఆధార్ కార్డు, మందుబిళ్ళలు, అన్నీ.

నేనూ రబ్బరు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను. బకెట్టు నీళ్ళలో ముంచి చూశాను, లోపలికి చుక్క పోలేదు. మామయ్య రెండు వేళ్ళతో డబ్బా మీద తట్టి, ఉప్పుకు లొంగనిది ఇదొక్కటేనమ్మా అన్నాడు. అత్తమ్మ మూతి ముడుచుకుంది.

2 జూన్

ఇవాళ ఒక వింత. అత్తమ్మ వంటింట్లో కొబ్బరి పచ్చడి తిప్పుతోంది. నా బల్ల మీద రిలే టక్ మంది. పెడల్ మీద ఎవరి కాలూ లేదు.

మిక్సీ ఆపమన్నాను. మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ టక్. ఇంకోసారి వేయిస్తే ఏమీ లేదు. పచ్చడి లేహ్యమైపోతుండాది, ఏం ఆటలే ఇవి అని అత్తమ్మ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మిక్సీ ముసలిది. లోపల కార్బన్ బ్రష్షులు అరిగిపోయి నిప్పురవ్వలు కొడతాయి. అది వేస్తే టీవీలో కూడా గీతలు పడతాయి. ప్లగ్గు దగ్గర కెపాసిటర్ పెట్టాను. టక్ ఆగిపోయింది. సముద్రంలో మిక్సీ ఉండదు కదా.

10 జూన్

బాక్సు బిగించారు. బిగించాము అని రాయబోయి ఆగాను. నన్ను బోటు ఎక్కనివ్వలేదు.

ఎక్కనివ్వరని తెలిసే అడిగాను. శివ నవ్వాడు. పూజ చేసిన బోటు, నాలుగు రోజుల్లో సముద్రానికి పోయేది, ఆడమనిషి కాలు పెడితే మస్తాన్ మూట సర్దుకుని దిగిపోతాడు అన్నాడు. మస్తాన్ మా బోటులో పెద్ద కళాసీ. నేను చేసిన బాక్సు ఎక్కొచ్చు, నేను ఎక్కకూడదు. ఒళ్ళు మండింది. అయినా జెట్టీ మీద నిలబడి ఏ వైరు ఎక్కడో నేను చెప్తుంటే మా మరిది పెంచల్ బిగించాడు. వాడి నోరు ఊరుకోదు. వదినా, ఎర్ర వైరు పెండ్లికొడుకా, నల్లది పెండ్లికూతురా, కలిపితే కొట్టుకుంటారా అని అడుగుతాడు. కొట్టుకోరు, కాలిపోతారు, మూసుకుని బిగించు అన్నాను.

ఇంజను వేశారు. పెంచల్ పెడల్ మీద కాలు పెట్టాడు, డ్రమ్ము తిరిగింది. తీశాడు, ఆగింది. జెట్టీ మీది జనమంతా చూశారు. బోటు మీద ఇంకా ఏమీ లేదు. ఐసు, డీజిలు, వైర్లెస్సు సెట్టు అన్నీ చివరి రోజు ఎక్కిస్తారు. మామయ్య డ్రమ్ము వంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు. ఇంటికొచ్చి ఏడ్చాను.

14 జూన్

వేట నిషేధం ఇవాళ్టితో ఆఖరు. ఊరంతా పెళ్ళివారిల్లు.

మామయ్య వైర్లెస్సు గది ఊడ్పించి దీపం పెట్టాడు. వేళ్ళు పోయాక ఆయన సముద్రానికి పోలేదు. బోట్లవాళ్ళ సంఘం గదిలో పెద్ద సెట్టు ముందు కూర్చుంటాడు. కామాక్షయ్య గొంతు తెలియని బోటు ఈ తీరంలో లేదు. ఆయన పెట్టిన రూలు ఒకటుంది. పిలిస్తే పలకాలి. చేతిలో ఏ పనున్నా మైకు నొక్కి ఒక్క మాటైనా అనాలి. చెప్పింది విన్నాక సరే అనాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ బోటు పోయినట్టే లెక్క, చుట్టుపక్కల బోట్లు వలలు కోసేసి అయినా వెతకడానికి పోవాలి. ఒకసారి తుఫానులో పలకని బోటును, బ్యాటరీ అయిపోయిందిలే అని వదిలేశారట. అది ఇక రాలేదు. అప్పటి నుంచి ఈ రూలు.

రోజూ పొద్దుగూకే ముందు ఆయన వరసగా అన్ని బోట్లనూ పిలుస్తాడు. ఒక్కోటీ పలుకుతుంది. పోయినేడు పెంచల్ చెప్పింది విని సరే అనకుండా మైకు పెట్టేశాడని జెట్టీ మీద అందరి ముందూ దులిపేశాడు. విన్నానని చెప్పకపోతే ఇక్కడ కూసోనుండేవోడు నువ్వు బతికుండావనుకోవాలా సచ్చినావనుకోవాలా అన్నాడు. కన్నకొడుకుని.

ఆ సెట్టు ఆడవాళ్ళం ముట్టుకోం. ఎవరూ వద్దనలేదు. తీరం పొడుగునా మగాళ్ళు వింటుంటారు, అందులో ఏం మాట్లాడతాం.

15 జూన్

పోయారు.

19 జూన్

వచ్చారు. వేట బాగుంది. శివ ముఖం నల్లగా కమిలిపోయింది, అయినా ఈలలేస్తున్నాడు.

పెంచల్ గడపలోకి వస్తూనే, వదినా, నీ బాక్సుకి ఆకలేస్తుండాది అన్నాడు. రెండో రోజు పెడల్ మీద ఎవరి కాలూ లేకుండానే డ్రమ్ము సగం చుట్టు తిరిగి ఆగిందట. శివ కొట్టిపారేశాడు. బోటు ఊగినప్పుడు ఎవడో కాలు పెట్టి ఉంటాడు, ఒప్పుకోడు, అంతే అన్నాడు. మస్తాన్ మాత్రం గంగమ్మ చెయ్యేసి చూసిందని అన్నాడట.

ఎక్కడ బిగించారో ఫోటో అడిగాను. పెంచల్ ఫోన్లో చూపించాడు. కేబిన్‌లో తడి తగలని చెక్క ఒకటే ఉంది. బాక్సు దాని మీద. దాని పైన వైర్లెస్సు సెట్టు. పక్కన గంగమ్మ పటం. పెడల్ వైరు అక్కణ్ణుంచి డెక్కు దాకా పొడుగ్గా పాకింది. పొందిగ్గానే ఉంది.

21 జూన్

మళ్ళీ పోయారు. ఇంట్లో ఉన్న స్పేరు బాక్సు రోజంతా ఆన్‌లో పెట్టాను. ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఇంత బుద్ధిమంతురాలు అక్కడికి పోయి ఎందుకు అల్లరి చేస్తుంది?

25 జూన్

మస్తాన్ తువ్వాలు డ్రమ్ములోకి పోయింది. మెడ చుట్టూ వేసుకున్న తువ్వాలు. కొస ముందు చిక్కింది కాబట్టి సర్రున జారిపోయింది. మెడ మీద ఎర్రటి గీత పడింది. పెడల్ మీద ఎవరూ లేరట. ఈసారి సగం చుట్టుతో ఆగలేదు. శివ ఇంజను దగ్గరికి దూకి లీవరు లాగితే గానీ ఆగలేదు.

నేను నలుగురినీ కూర్చోబెట్టి అడిగాను, ఆ నిమిషంలో ఎవరెవరు ఏం చేస్తున్నారని. మస్తాన్ ఏం చెప్తాడు పాపం. పెంచల్ వలలో చిక్కిన రాయి తీస్తున్నాడట. శివ ఐసు సంగతి హజరత్తయ్య బోటుతో మాట్లాడుతున్నాడట. ఇంకొకడు టీ కాస్తున్నాడట. బోటు మీద మామూలుగా ఎవరేం చేస్తారో అదే చేస్తున్నారు. నాకేమీ అంతుపట్టలేదు.

ఇంకో మాట కూడా ఉంది. పెంచల్ సంబరంగా చెప్పాడు. ముందర్లాగా చిక్కు పడితే లీవరు దాకా కేకలెయ్యక్కర్లా వదినా, కాలు తీసేసి చెయ్యి పెట్టి ఊడదీస్తుండాం, పని ఎంత బిరీన అవుతుండాదో అన్నాడు. ఇదివరకు లీవరు లాగిందాకా ఎవడూ డ్రమ్ము దగ్గరికి చెయ్యి పోనిచ్చేవాడు కాదు. నేను చేతులు కాపాడటానికి చేశాను. అది ఉంది కదా అని వీళ్ళు చేతులు పెడుతున్నారు.

26 జూన్

శివతో గొడవ. ఈ ట్రిప్పుకు బాక్సు పీకెయ్, పాత లీవరుతో పో అన్నాను. బాక్సు తెప్పించి విప్పి చూశావు కదా, ఏం తప్పు దొరికింది అని అడిగాడు. లోపల తడి లేదు, తుప్పు లేదు, వదులు వైరు లేదు. ఏమీ దొరకలేదు అన్నాను. దొరకనప్పుడు ఎందుకు పీకాల, గంగమ్మకు నిమ్మకాయలు కోసినాం, ఇంక ఊరుకో అన్నాడు. నువ్వు చేసిందాని మీద నీకే నమ్మకం లేకుంటే ఎట్టా మే అని కూడా అన్నాడు. ఆ మాట పొడుచుకుంది.

ఊరుకోవడం నాకు రాదు. అయినా ఊరుకున్నాను. దొరికినదైతే చూపించి పోట్లాడొచ్చు. దొరకనిదాన్ని పట్టుకుని ఎవరితో పోట్లాడను?

28 జూన్

పోయారు. పెంచల్ బోటు మీది నుంచి అరిచాడు, వదినా, వచ్చేసరికి కోడికూర చెయ్, చేప మొహం చూడలేకుండా ఉండా అని. జెట్టీ అంతా నవ్వింది. జెట్టీ దాటిందాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

30 జూన్, పగలు

కరుణాకుమారికి ఫోన్ చేశాను. పాలిటెక్నిక్‌లో నా బెంచీ. ఇప్పుడు నెల్లూరులో పిల్లలకు చిప్పుల ప్రోగ్రామింగ్ చెప్తోంది. అంతా విని, మిక్సీ సంగతి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. తర్వాత, రోజా, నీ బాక్సుకు జబ్బు లోపల లేదే, బయట ఉంది అంది.

చిప్పు ప్రోగ్రాంలో ఒక్కో లైనూ చదువుకుంటూ పోతుంది. పక్కన గట్టిగా కరెంటు అలజడి జరిగితే ఒక లైను చదవకుండా దాటేస్తుంది. ఫాల్ట్ ఇంజెక్షన్ అంటారట. హాబీవాళ్ళు కావాలని చేస్తారట, చిప్పు దగ్గర స్పార్కు కొట్టి, పాస్‌వర్డ్ అడిగే లైనును దాటించేసి తాళం తీయిస్తారట. నా ప్రోగ్రాంలో ఒక లైనుంది. కాలు లేకపోతే ఆపు. అది దాటేస్తే?

ప్లాస్టిక్ డబ్బా అలజడిని ఆపదు, పొడుగు వైరు దాన్ని లోపలికి పిలుచుకొస్తుంది అని చెప్పింది. ప్రార్థన చేస్తానే అని ఫోన్ పెట్టింది. అప్పుడు నిజంగా భయమేసింది. ఊరికే ప్రార్థన దాకా పోయే మనిషి కాదు అది.

30 జూన్, సాయంత్రం

దోమల బ్యాటు విప్పి, స్పేరు బాక్సు పక్కన స్పార్కు కొట్టాను.

టక్ మంది. మళ్ళీ టక్ అనలేదు. పెడల్ తొక్కి వదిలాను. తొక్కి వదిలాను. రిలే పట్టిన పట్టు వదల్లేదు. వైరు పీకితే గానీ వదల్లేదు.

కానీ బోటు మీద స్పార్కు ఎక్కడుంది? డీజిలు ఇంజనుకు స్పార్కు ఉండదు. దోమలు కూడా ఉండవు.

1 జూలై, ఉదయం

దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేది.

హజరత్తయ్య ఇంటివాళ్ళు చేతి వైర్లెస్సు ఒకటి రిపేరుకు తెచ్చిచ్చారు. బ్యాటరీ కాంటాక్టు తుప్పు పట్టింది. గీకి, బిగించి, పనిచేస్తుందో లేదో చూద్దామని మైకు బటన్ నొక్కాను. బల్ల అవతలి కొసన ఉన్న బాక్సు టక్ మంది.

వదిలి మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ. టక్. ఇది చేతి సెట్టు. బోటు మీదిది దీనికి అయిదారింతలు గట్టిది. అది బాక్సు నెత్తి మీదే ఉంది.

వినడం వల్ల ఏమీ కాదు. మాట్లాడటానికి నొక్కినప్పుడే. శివ ఐసు సంగతి హజరత్తయ్య బోటుతో మాట్లాడుతున్నాడు అని పెంచల్ చెప్పనే చెప్పాడు. నా ముఖం మీదే చెప్పాడు. వాళ్ళకు అది చెప్పుకోదగ్గ పని కాదు. నాకూ కాలేదు.

అత్తమ్మ స్టీలు డబ్బాలో బాక్సు పెట్టి మూత వేసి నొక్కాను. ఎన్నిసార్లు నొక్కినా టక్ అనలేదు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

శివ ఫోన్ కలవడం లేదు. పెంచల్‌దీ కలవడం లేదు. సిగ్నలు అందని దూరం పోయారు.

1 జూలై, మధ్యాహ్నం, వైర్లెస్సు గది

ఇక్కడే కూర్చుని రాస్తున్నాను, చేతులు ఊరికే ఉంచలేక. మామయ్యకు చెప్పాను. మైకు నొక్కితే డ్రమ్ము తిరుగుతుంది మామయ్యా అన్నాను. ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత సెట్టు వంక చూశాడు. ఇన్నేళ్ళుగా తను పలికిస్తున్న సెట్టు.

చెప్పాలంటే ఇందులోనే చెప్పాలి. చెప్తే శివ పలుకుతాడు. పలకాలంటే నొక్కాలి.

ఊరుకుందామంటే ఊరుకునేట్టు లేదు. పొద్దుగూకే ముందు మామయ్య పిలవాలి. గంగాభవానిని పిలవకుండా వదిలేస్తే, మిగతా బోట్లు ఏమైందోనని వాళ్ళే పిలుస్తాయి. హజరత్తయ్యను దగ్గరికి పోయి కేకేసి చెప్పమందామా అంటే, ఆ మాట కూడా ఇందులోనే చెప్పాలి, శివ వింటాడు, మా బోటుకేమైంది అని మధ్యలో దూరతాడు. ఎటు తిప్పినా ఆయన చెయ్యి మైకు మీదికే వస్తుంది.

ఇప్పుడే ఎవరో గంగాభవానిని పిలిచారు. చెప్పన్నా అని శివ పలికాడు. మామూలు గొంతు. సముద్రం ఎట్టుందో చెప్పుకున్నారు. ఏమీ కాలేదు. అన్నిసార్లూ కాదు కదా. బల్ల మీద కూడా అన్నిసార్లూ కాలేదు.

ఇంకా ఎన్నిసార్లు?

మామయ్యను అడిగాను, ఇప్పుడు వల ఎక్కడుంటుందని. ఈ టయానికి నీళ్ళలో ఉంటది, నేను పిలిచే ముందర లాగుతారు, ఎంత పడిందో చెప్పాల గదా అన్నాడు. అయితే ఇప్పుడే చెప్పాలి. డ్రమ్ము దగ్గర ఎవరూ లేనప్పుడే.

ఆయన మైకు తీసుకోబోయాడు. వద్దన్నాను. కామాక్షయ్య గొంతు వినగానే వాళ్ళ చేతులు వాటంతటవే మైకు నొక్కుతాయి. బోటు పేరు ముందు పిలిచినా అంతే. ముందు పలకొద్దని చెప్పాలి, తర్వాత పేరు. ఎప్పుడూ వినని గొంతయితే ఒక్క క్షణం బిత్తరపోతారు. ఆ క్షణంలో చెప్పేయాలి. నేనే మాట్లాడతాను అన్నాను.

మామయ్య కుర్చీలోంచి లేచాడు. నన్ను కూర్చోమన్నాడు.

1 జూలై, పొద్దుగూకాక

ఎవరూ పలకొద్దు, ఎవరూ మైకు నొక్కొద్దు అన్నాను. నేను రోజాని అన్నాను. గంగాభవాని, నువ్వు అస్సలు పలకొద్దు, మైకు నొక్కితే డ్రమ్ము తిరుగుద్ది అన్నాను. అందర్నీ పక్కకు రమ్మను, బాక్సు వైరు పీకెయ్, పీకిందాకా పలకొద్దు, ఇంకోసారి చెప్తా, ఊరికే విను అన్నాను. ఒక్క మాట తడబడలేదు.

బటన్ వదిలాను. సెట్టులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఒక్క బోటు పలకలేదు. ఎప్పుడూ వాగుతూ ఉండే సెట్టు అది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. విన్నారు మామయ్యా అన్నాను. రెండోసారి చెప్పడానికి మైకు ఎత్తాను.

అప్పుడు శివ, సరే రోజా, అన్నాడు.

మెల్లగా అన్నాడు. నేను భయపడుతున్నానని, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు, తీరమంతా వింటుండగా నా పేరు పెట్టి పిలిచాడు. ఆ మాట వెనకాల డ్రమ్ము తిరగడం వినపడింది. తర్వాత ఒక మనిషి గొంతు. తర్వాత ఆయన చెయ్యి మైకు వదిలేసింది, ఏమీ వినపడలేదు.

మామయ్య తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మేమిద్దరం ఎవరినీ పిలవలేదు.

2 జూలై

పెంచల్‌ను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కుడిచెయ్యి. మణికట్టు కింద ఏమీ మిగల్లేదు.

మస్తాన్ చెప్పాడు. వల ఎందుకో బరువెక్కిందని ముందే లాగారట. మొద్దు ఒకటి చిక్కింది. పెంచల్ కాలు తీసి చెయ్యి పెట్టాడు. శివ నా మాట విన్నాడు, కేబిన్‌లోంచి తల బయటపెట్టి చెయ్యి తీయరా అని కేకేశాడు. పెంచల్ ఇటు తిరిగి తలూపాడట. తీసేశాడనుకున్నాడు శివ. ఇంజను మోతలో వాడికి వినపడలేదు. అన్న పిలిచాడు కదా అని ఊరికే తలూపాడు.

4 జూలై

ఊళ్ళో అనుకుంటున్నారు, ఆడదాని గొంతు సముద్రం మీదికి పోయింది, అందుకే ఇట్లా అయింది అని. అత్తమ్మ వాళ్ళ మీదికి పోట్లాటకు పోయింది. నేను పోలేదు. వాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం ఏముంది? నేను మాట్లాడాను, అందుకే అయింది. మాట్లాడకపోతే పొద్దుగూకే ముందు ఏమయ్యేదో నాకు తెలుసు. తెలిసి కూడా అందులో నాకు ఊరట దొరకడం లేదు.

శివ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. తినమంటే తింటాడు. నేను ఏమీ అడగలేదు. ఇవాళ తనే అన్నాడు, నువ్వు పిలిస్తే పలక్కుండా ఎట్టుండేది అని. ఆయన పక్కనే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మామయ్య వైర్లెస్సు గదికి పోవడం లేదు. సాయంత్రం బోట్లను ఎవరు పిలుస్తున్నారో తెలియదు.

9 జూలై

ఇవాళ ఆసుపత్రికి పోయాను. ఇన్నాళ్ళూ పోలేదు. కోడికూర పట్టుకుపోయాను.

పెంచల్ కళ్ళు తెరిచి నన్ను చూశాడు. వదినా అన్నాడు. నోరు తెరవడానికి భయమేసింది. మళ్ళీ వదినా అన్నాడు. కట్టు కట్టిన చోటునే చూస్తూ నిలబడ్డాను.

మూడోసారి పిలిచాడు, మామయ్య పలకని బోటును పిలిచినట్టు.